పీజీ వాళ్ళకి కోపం రాదంట

ఎడ్యుకేషన్ డిపార్ట్‌మెంటో సైకాలజీ డిపార్ట్‌మెంటో ఉన్న ఏ యూనివర్సిటీకైనా వెళ్ళి, లైబ్రరీలో పాత డిసర్టేషన్లు పెట్టిన బీరువా ఒకసారి తెరిపించి చూడండి. నల్ల రెగ్జిన్ బైండింగు, మీద బంగారు రంగు అక్షరాలు, లోపల దుమ్ము. వాటిల్లో ఒక్కటైనా పీజీ విద్యార్థుల ఎమోషనల్ ఇంటెలిజెన్స్ (అంటే మన భావాల్నీ ఎదుటివాళ్ళ భావాల్నీ పసిగట్టి సంభాళించుకోవడం) మీద లేకపోతే నన్నడగండి. టైటిల్ మొదటి సగం ఒకటే ఉంటుంది, తోక మాత్రం మారుతుంది, ఒకరిది అకడమిక్ అచీవ్‌మెంట్‌తో దానికున్న సంబంధం, ఇంకొకరిది స్ట్రెస్‌తో, ఇంకొకరిది అడ్జస్ట్‌మెంట్‌తో. చివరి చాప్టర్ కూడా దాదాపు ఒకటే, అబ్బాయిలకీ అమ్మాయిలకీ చెప్పుకోదగ్గ తేడా లేదు, పల్లెటూరి వాళ్ళకీ టౌన్ వాళ్ళకీ చెప్పుకోదగ్గ తేడా లేదు, కాబట్టి యూనివర్సిటీలు వర్క్‌షాపులు పెట్టాలి, ఇట్లు. నేను కూడా ఎం.ఎడ్‌లో ఇదే టాపిక్ చేశా. గైడ్ ఇచ్చిన టాపిక్ అది, మనం ఎంచుకునేదేముంది. కానీ హాస్టల్లో ఉన్నన్నాళ్ళూ, ఆ తర్వాత డిగ్రీ కాలేజీలో గెస్ట్ ఫ్యాకల్టీగా చేరి పీహెచ్‌డీ చేస్తున్న ఫ్రెండ్స్‌ని దూరం నుంచి చూస్తున్నన్నాళ్ళూ నాకు అనిపిస్తూ వచ్చింది ఒకటే, మన పీజీ పిల్లల్లో ఎమోషనల్ ఇంటెలిజెన్స్ అని మనం మెచ్చుకుంటున్నదాంట్లో సగానికి పైగా ఉత్త ఓర్చుకోవడమే. దాని గురించే ఈ పోస్టు. కొంచెం పెద్దది, ముందే చెప్తున్నా.

ముందు ఈ డిసర్టేషన్ల కోసం చేసే సర్వే సంగతి. ఎస్.కె. మంగళ్, శుభ్రా మంగళ్ గార్లు తయారు చేసిన ఇన్వెంటరీ, అంటే ప్రశ్నల పట్టిక ఒకటి ఉంటుంది, మన దగ్గర ఎడ్యుకేషన్ వాళ్ళు బాగా వాడతారు, మొత్తం 100 ప్రశ్నలు, ఒక్కోదానికి అవుననో కాదనో టిక్కు పెట్టాలి. నాలుగు భాగాలు, భాగానికి 25. నీ మనసులో ఏముందో నీకు తెలుసా, ఎదుటివాళ్ళ మనసులో ఏముందో తెలుసా, నీది నువ్వు సంభాళించుకోగలవా, ఎదుటివాళ్ళతో నెగ్గుకురాగలవా, స్థూలంగా ఇదీ. ఇంకోటి హైడే, పేఠే, ధర్ అనే ముగ్గురు చేసిన స్కేలు, అందులో 34 ప్రశ్నలే, అందుకని దానికీ గిరాకీ ఎక్కువే. నేను వంద ప్రశ్నలదాన్ని పట్టుకుని లేడీస్ హాస్టల్లో రూం రూంకీ తిరిగా. సాయంత్రం టీ టైంలో వెళ్తే ఎవరూ కాదనరు కానీ పేజీలు తిప్పగానే మొహాలు మారిపోతాయి. కెమిస్ట్రీ చదివే ఒకమ్మాయి పేపర్ తీసుకుని, నా మొహం చూసి, "అక్కా, నీకు ఎలా వస్తే బాగుంటుందో చెప్పు, అలా పెట్టేస్తా" అంది. నాకు సబ్మిషన్ డేట్ దగ్గర పడిందని, అప్పటికే ఇద్దరు ముగ్గురు విసుక్కుని పంపించారని ఆ పిల్లకి ఒక్క చూపులో తెలిసిపోయింది. మీరే చెప్పండి, ఆ వంద ప్రశ్నలకంటే ఆ ఒక్క మాటకి ఎక్కువ మార్కులు వేయాలా వద్దా? స్కోర్ లెక్కేస్తే మాత్రం యావరేజ్ వచ్చింది పాపం. అందరికంటే ఎక్కువ స్కోర్ వచ్చినావిడ అదే రాత్రి మెస్సులో కూర అయిపోయిందని వడ్డించే అమ్మాయిని ఏడిపించింది, ఆ అమ్మాయి ఇంటర్ ఫెయిలయ్యి అక్కడ పనికి చేరిన పిల్ల. నా డేటా షీట్లో దానికి కాలమ్ లేదు మరి.

ఇది నేను కొత్తగా కనిపెట్టిందేం కాదు, ఈ రంగంలో ఉన్నవాళ్ళకి ఎప్పట్నుంచో తెలిసిన గొడవే. పీటర్ సాలోవే, జాన్ మేయర్ అని ఇద్దరు అమెరికన్ సైకాలజిస్టులు 1990లో ఒక పేపర్ రాశారు, ఎమోషనల్ ఇంటెలిజెన్స్ అన్న పేరుతో థియరీ లాంటిది మొదలైంది అక్కడే అంటారు. వాళ్ళ ఉద్దేశంలో ఇది ఒక సామర్థ్యం, అంటే లెక్కలు చేయడం ఎలాగో అలా, చేయించి చూస్తేనే వచ్చో రాదో తెలుస్తుంది. 1995లో డేనియల్ గోల్‌మన్ అనే జర్నలిస్ట్ పుస్తకం రాసేసరికి అది ప్రపంచమంతా పాకిపోయింది, దాంతోపాటే జీవితంలో గెలుపుకి ఐక్యూ 20 శాతం, మిగతా 80 శాతం ఈక్యూ (ఎమోషనల్ ఇంటెలిజెన్స్‌కి ఇంకో పేరు) అనే మాట కూడా. ఆయన రాసింది ఐక్యూ వాటా మహా అయితే 20 శాతం అని, మిగతాదాంట్లో అదృష్టం, పుట్టిన ఇల్లు, ఇంకా చాలా ఉన్నాయి, కానీ మన పర్సనాలిటీ డెవలప్‌మెంట్ వాళ్ళకి అంత ఓపిక ఎక్కడిది, మొత్తం 80 తీసుకెళ్ళి ఈక్యూ ఖాతాలో వేసేశారు. ఇప్పటికీ స్లైడుల్లో అదే తిరుగుతోంది. మేయర్, సాలోవే వాళ్ళు మాత్రం డేవిడ్ కరూసో అనే ఇంకొకాయనతో కలిసి 2002లో ఒక టెస్టు తెచ్చారు, 141 ప్రశ్నలు, ఫోటోలో మొహం చూపించి ఇందులో ఏ భావం ఎంత ఉంది అని అడుగుతారు, ఒక పరిస్థితి చెప్పి ఇక్కడ ఏం చేస్తే మేలు అని అడుగుతారు. నాకు కోపం కంట్రోల్ చేసుకోవడం వచ్చు అని నువ్వే టిక్కు పెట్టుకోవడానికీ దీనికీ చాలా తేడా ఉంది కదా. ఈత వచ్చా అని అడిగి మార్కులు వేసేది ఒక పద్ధతి, చెరువులో దింపి చూసేది ఇంకో పద్ధతి.

2020లో సిడ్నీ యూనివర్సిటీకి చెందిన కరొలిన్ మెకాన్, ఆవిడ టీమ్ కలిసి 42 వేలకి పైగా విద్యార్థుల మీద అప్పటిదాకా జరిగిన స్టడీలన్నీ ఒకచోట కూర్చి లెక్క కట్టారు. చేయించి చూసే టెస్టులకీ చదువుకీ మధ్య సంబంధం (సున్నా అంటే అసలు లేనట్టు, ఒకటి అంటే పూర్తిగా ఉన్నట్టు) 0.24 వచ్చింది, నాకు నేను మార్కులేసుకునే రకానికి 0.12 వచ్చింది. 0.12 అంటే స్క్వేర్ చేసి చూడండి, మార్కుల తేడాల్లో ఒకటిన్నర శాతాన్ని కూడా అది వివరించలేదు. మన బీరువాల్లో ఉన్నవి దాదాపు అన్నీ ఈ రెండో రకమే. ఎందుకంటే జిరాక్స్ తీసి పంచడం తేలిక, అంతే, ఇంకే కారణం లేదు.

సరే, నంబర్లు చాలు. అసలు విషయానికొస్తా.

మా క్యాంపస్‌లో ఒక సీనియర్ అక్క ఉండేది, పీహెచ్‌డీ. పేరు వద్దు, యూనివర్సిటీ పేరు కూడా వద్దు. ఆవిడ గురించి డిపార్ట్‌మెంట్ అంతా ఒకటే మాట, "చాలా మెచ్యూర్డ్ అమ్మా, ఎంత ఓపికో." పది గంటలకి రమ్మంటే పదికి వెళ్ళి గైడ్ రూం బయట బెంచీ మీద కూర్చునేది, సారు పన్నెండుకి వచ్చేవారు, వచ్చాక మీటింగ్, మీటింగ్ అయ్యాక లంచ్, లంచ్ అయ్యాక "రేపు చూద్దాంలేమ్మా." ఆవిడ ఇచ్చిన చాప్టర్ ఆయన టేబుల్ మీద నెలల తరబడి అలాగే ఉండేది, దాని మీద టీ కప్పు పెట్టిన గుండ్రటి మరకలు నేనే చూశా. ఈలోగా మార్కుల ఎంట్రీ ఆవిడే, కాలేజీలకీ యూనివర్సిటీలకీ గ్రేడ్లిచ్చే న్యాక్ టీమ్ వస్తుందంటే ఫైళ్ళు ఆవిడే, సెమినార్‌కి వచ్చే గెస్టుకి గెస్ట్‌హౌస్ రూం, స్టేషన్ నుంచి కారు, శాలువా, బొకే అన్నీ ఆవిడే. ఒకరోజు అడిగా, "అక్కా, నీకు కోపం రాదా?" అని. "వచ్చి ఏం చేస్తాంలే" అంది, నవ్వుతూనే అంది. ఆ రాత్రి కారిడార్లో వాళ్ళమ్మతో ఫోన్‌లో మాట్లాడుతోంది, అవతల పాపం వాళ్ళమ్మ, థీసిస్ ఎప్పుడవుతుందమ్మా అని అడిగినట్టుంది, అంతే, అక్క అరిచిన అరుపుకి మూడు రూముల తలుపులు తెరుచుకున్నాయి. అమ్మ మీద అరిచి ఫోన్ పెట్టేసి కాసేపటికి మళ్ళీ తనే చేసి ఏడ్చింది.

పొద్దున్నుంచీ గైడ్ రూం బయట వచ్చిన కోపమే అది. ఎక్కడా పోలేదు, ఖర్చు లేని చోటు చూసుకుని దిగింది. గైడ్ మీద అరిస్తే పీహెచ్‌డీ పోతుంది, హెచ్‌ఓడీ మీద అరిస్తే ఇంటర్నల్స్ పోతాయి, రూమ్మేట్ మీద అరిస్తే రూం మారాలి. అమ్మ మీద అరిస్తే ఏమీ పోదు, మర్నాడు పొద్దున్న అదే అమ్మ మళ్ళీ ఫోన్ చేసి తిన్నావా అని అడుగుతుంది. హాస్టల్లో ఉన్న ప్రతివాళ్ళకీ ఈ లెక్క తెలుసు, పైకి చెప్పరంతే. ఇప్పుడు మన వంద ప్రశ్నల ఇన్వెంటరీ ఆ అక్కకి ఇస్తే సెల్ఫ్ మేనేజ్‌మెంట్‌లో ఫస్ట్ క్లాస్ వస్తుంది, నాకు అనుమానమే లేదు.

స్టాన్‌ఫర్డ్‌లో జేమ్స్ గ్రాస్ అని ఒకాయన ఉన్నారు, తొంభైల నుంచీ ఇదే పని మీద ఉన్నారు, మనిషి తన భావాల్ని ఎలా సంభాళించుకుంటాడు అని. ఆయన చెప్పినదాంట్లో మనకి పనికొచ్చేది ఏంటంటే, లోపల ఉన్నది బయట మొహంలో కనపడకుండా తొక్కిపెట్టడం వేరు, జరిగినదాన్ని వేరే వైపు నుంచి చూసి లోపలి భావాన్నే మార్చుకోవడం వేరు. తొక్కిపెడితే మొహం ప్రశాంతంగా ఉంటుంది, లోపల బాధ తగ్గదు, ఒంటికి శ్రమ పెరుగుతుంది, పైగా ఆ సమయంలో చెప్పిన మాటలు సరిగా గుర్తుండవు కూడా. ఈ చివరిది చదివినప్పుడు నాకు ఒక్కసారిగా బల్బు వెలిగింది. ఎందుకంటే గైడ్ రూం నుంచి బయటికొచ్చిన ఎవర్నైనా "ఏమన్నారు?" అని అడిగితే వచ్చే జవాబు ఒకటే, "ఏమో, తిట్టారు, గుర్తులేదు." అరగంట లోపల ఉండి వస్తారు, చాప్టర్లో ఏం మార్చాలో ఒక్క ముక్క చెప్పలేరు. మనం దాన్ని అశ్రద్ధ అనుకుంటాం. ఆ అరగంట ఆ పిల్ల చేసిన పనల్లా కళ్ళలో నీళ్ళు రాకుండా చూసుకోవడమే, ఇంక వినడానికి బుర్రలో చోటెక్కడుంది?

సెమినార్లలో కూడా ఇంతే. డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివి పీజీలో ఇంగ్లీషులో నిలబడి పవర్‌పాయింట్ చెప్పాల్సి వచ్చిన పిల్లల్ని చూస్తే తెలుస్తుంది. సబ్జెక్ట్ కంఠతా వచ్చు, హాస్టల్లో మనకి తెలుగులో చెప్తే అద్భుతంగా చెప్తారు, అక్కడ స్టేజీ మీద మాత్రం చెమటలు, ఒక ప్రొఫెసర్ గారు మధ్యలో ఆపి "వాట్ డూ యూ మీన్?" అంటే ఇక అంతే సంగతులు. మా బ్యాచ్‌లో ఒక అబ్బాయి అలాంటప్పుడు ఒక పని చేశాడు, "సార్, టెన్షన్‌గా ఉంది, ఒక్క నిమిషం తెలుగులో చెప్పి మళ్ళీ ఇంగ్లీషులోకి వస్తాను" అన్నాడు. క్లాసంతా గతుక్కుమంది. సారు కూడా ఏమనాలో తెలియక కానివ్వమన్నారు. వాడు చెప్పాడు, బాగా చెప్పాడు. క్లాసయ్యాక కొంతమంది వాణ్ణి "ఏంట్రా అంత ఓపెన్‌గా టెన్షన్ అని చెప్పేశావ్, పరువు పోలా?" అని ఆటపట్టించారు కూడా. నా లెక్కలో ఆ రోజు ఆ గదిలో పని జరిగింది వాడి ఒక్కడి వల్లే. లోపల ఏముందో దానికి పేరు పెట్టాడు, ఎదుటివాడికి చెప్పాడు, తనకి ఏం కావాలో అడిగాడు. మూడూ రెండు వాక్యాల్లో. ఇలా పేరు పెట్టడం గురించి కూడా ఒక స్టడీ ఉంది, మాథ్యూ లీబర్‌మన్ అని యూసీఎల్ఏ ఆయన, 2007లో, కోపం భయం ఉన్న మొహాల ఫోటోలు చూపించి ఆ భావానికి పేరు పెట్టమంటే మెదడులో అమిగ్డాలా అనే భాగం హడావుడి తగ్గిందని స్కానింగ్‌లో చూపించారు. ఫోటోలతో చేసిన ప్రయోగం అది, మన సెమినార్లకి అచ్చంగా అతికించలేం గానీ దారి అటే ఉంది.

పీజీలో పేరు పెట్టడానికి అన్నిటికంటే కష్టమైన భావం ఏంటో చెప్పనా, కుళ్ళు. కోపం గురించైనా మాట్లాడతాం, ఏడుపు గురించైనా మాట్లాడతాం, ఇది మాత్రం నోటికి రాదు. లెక్చరర్ అర్హతకీ జేఆర్ఎఫ్‌కీ రాసే నెట్ పరీక్ష రిజల్ట్ వచ్చిన సాయంత్రం హాస్టల్ చూడాలి మీరు. ఒకే రూంలో ఇద్దరు, ఒకే నోట్స్, ఒకే టెస్ట్ సిరీస్ పాస్‌వర్డ్, ఒకరికి జేఆర్ఎఫ్ వస్తుంది, ఇంకొకరికి నాలుగు మార్కుల్లో పోతుంది. జేఆర్ఎఫ్ అంటే రీసెర్చ్ ఫెలోషిప్, 2023 నుంచి నెలకి 37,000 రూపాయలు, రానివాళ్ళు ఇంటి నుంచి మెస్ బిల్లు తెప్పించుకోవాలి, ఒక్క రాత్రిలో ఆ గదిలో ఒకరు ఉద్యోగస్తురాలు ఇంకొకరు విద్యార్థిని అయిపోతారు. అయినా సరే వాట్సాప్ స్టేటస్‌లో ఫోటో, కేక్, "ప్రౌడ్ ఆఫ్ యూ బంగారం", అన్నీ ఉంటాయి. ఆ తర్వాత మెల్లగా ఒకరు లైబ్రరీకి పొద్దున వెళ్తే ఇంకొకరు సాయంత్రం వెళ్తారు, టిఫిన్‌కి పిలుచుకోవడం మానేస్తారు, ఎందుకో ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ ఏమీ జరగనట్టే ఉంటారు. ఏడాదికి ఆ స్నేహం పోతుంది.

మా ఫ్లోర్‌లో ఒక జంట మాత్రం అలా పోలేదు. రానమ్మాయి ఆ రాత్రే చెప్పేసింది, "ఏయ్, నీకు వచ్చినందుకు సంతోషంగానే ఉంది, కానీ నాకు కుళ్ళుగా కూడా ఉంది, రెండు రోజులు నాతో ఈ టాపిక్ ఎత్తకు, ఆ తర్వాత పార్టీ నేనే అడుగుతా." వచ్చినమ్మాయి కూడా గొప్పదే, అయ్యో అలా ఎందుకంటావ్ అని ఓదార్చలేదు, సరే అని ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని పడుకుంది. పార్టీ నిజంగానే అడిగింది, బిర్యానీ నాకు కూడా వచ్చింది. వాళ్ళిద్దరూ ఇప్పటికీ రోజూ మాట్లాడుకుంటారు. నా డిసర్టేషన్‌కి రిఫరెన్సులు చాలానే పెట్టా గానీ ఆ రెండు వాక్యాల కంటే ఎమోషనల్ ఇంటెలిజెన్స్‌కి మంచి ఉదాహరణ నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

డబ్బు సంగతి కూడా ఒకటి చెప్పాలి. స్కాలర్‌షిప్ పడదు, మెస్ బకాయి పేరుకుంటుంది, నో డ్యూస్ లేకపోతే హాల్ టికెట్ ఇవ్వరు, ఇది పీజీ చదివిన ప్రతివాళ్ళకీ తెలిసిన కథ. ఇలాంటి టైంలో క్లాసులో అరకు టూర్ ప్లాన్ వేశారు. ఒక అబ్బాయి "నాకు ఇంట్రెస్ట్ లేదురా, మీరు వెళ్ళండి" అన్నాడు, జోకులేసి నవ్వించాడు కూడా. అందరూ నమ్మేశారు. ఒకమ్మాయి మాత్రం ఆ సాయంత్రం గ్రూపులో, ఎగ్జామ్స్ దగ్గరకొచ్చాయి టూర్ వద్దు, ఆదివారం మన హాస్టల్ దగ్గరే అందరం తలా ఒకటి వండి తెచ్చుకుందాం అని మెసేజ్ పెట్టి, నాలుగు తిట్లు తిని, ప్లాన్ మార్పించేసింది. అడిగితే చెప్పలేదు కానీ నాకు తర్వాత అర్థమైంది. ఆ అబ్బాయికి ఇప్పటికీ తెలియదనుకుంటా, తెలియకుండా చేయడమే అందులో గొప్ప.

ఇక అమ్మాయిల సంగతి కొంచెం ఎక్కువ చెప్తా, అది నాకు బాగా తెలిసిన సబ్జెక్ట్ కాబట్టి. లేడీస్ హాస్టల్లో రాత్రి తొమ్మిది తర్వాత కారిడార్లో నడుస్తూ ఫోన్ మాట్లాడే పిల్లలందరూ లవర్స్‌తో మాట్లాడుతున్నారని బయటివాళ్ళు అనుకుంటారు. సగం మంది పెళ్ళి వాయిదా వేయించుకుంటుంటారు. పీజీ అంటే 21 నుంచి 24 ఏళ్ళు, ఊళ్ళో సరిగ్గా సంబంధాలు చూసే వయసు. "అబ్బాయి బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ అంట, చూసిపోతారంటే ఏం పోయింది, ఒక్కరోజు వచ్చి వెళ్ళు." ఇక్కడ ఎల్లుండి ఇంటర్నల్. ఇప్పుడు ఈ పిల్ల ఒక్క ఫోన్ కాల్‌లో ఎన్ని పనులు చేయాలో చూడండి, అమ్మ భయం తగ్గించాలి, నాన్న పరువు కాపాడాలి, సంబంధం తెచ్చిన మేనత్తని నొప్పించకూడదు, తన చదువు నిలబెట్టుకోవాలి, గొంతు వణకకూడదు, వణికితే ఎవర్నో ప్రేమించిందని అనుమానం. అవతలివైపు వినేవాళ్ళ మూడ్ బట్టి అప్పటికప్పుడు మాట మార్చాలి.

నా రూమ్మేట్ వాళ్ళ నాన్నని పీహెచ్‌డీకి ఒప్పించిన పద్ధతి చెప్తే మీకు నవ్వొస్తుంది. పొద్దున పూట ఫోన్ చేసేది కాదు, ఆయనకి పొలం హడావుడి. పెదనాన్న ఇంట్లో ఉన్నప్పుడు ఆ మాట ఎత్తేది కాదు, అన్న ముందు తమ్ముడు మెత్తబడలేడు. రాత్రి అన్నం తిని మంచం మీద వాలాక చేసి, ముందు గేదె సంగతి అడిగి, తర్వాత వర్షం సంగతి అడిగి, చివర్లో "నాన్నా, మన మండలంలో ఆడపిల్ల ఎవరైనా డాక్టరేట్ చేశారా" అని ఒక ప్రశ్న వదిలేసి ఫోన్ పెట్టేసేది. వాదించలేదు, ఏడవలేదు. కొన్నాళ్ళకి ఆయనే ఊళ్ళో చెప్పుకోవడం మొదలుపెట్టాడు, మా అమ్మాయి డాక్టరేట్ చేస్తుంది అని. అది చూసి మేమంతా చప్పట్లు కొట్టాం. కానీ ఒక పక్క నాకు ఒళ్ళు మండేది కూడా, అదే ఇంట్లో వాళ్ళ తమ్ముడు బీటెక్‌లో బ్యాక్‌లాగ్స్ పెట్టుకుని "నేను ఎంబీఏ చేస్తా" అని ఒక్క మాట అంటే సీటు కొనేశారు. వాడికి ఎవరి మూడూ చదవాల్సిన అవసరం రాలేదు. కింద ఉన్నవాళ్ళు పైవాళ్ళ మొహాలు చదవడం నేర్చుకుంటారు, పైన ఉన్నవాళ్ళకి ఆ పని పడదు, ఇళ్ళల్లోనూ ఇంతే డిపార్ట్‌మెంట్లలోనూ ఇంతే. అందుకే స్టూడెంట్స్‌కి ఎమోషనల్ ఇంటెలిజెన్స్ నేర్పాలి అని ఎవరైనా ప్రొఫెసర్ మైకులో అంటుంటే నాకు కొంచెం చిరాకు, సార్, ఆ పిల్లలు అందులో ఎప్పుడో పీహెచ్‌డీ చేసేశారు, మీ చెప్పుల చప్పుడు విని మీ మూడ్ చెప్పేస్తారు.

మైకు అంటే గుర్తొచ్చింది, వర్క్‌షాప్. బీరువాలో ఉన్న డిసర్టేషన్లన్నీ చివర్లో కోరే వర్క్‌షాప్. నేను వెళ్ళిన ఒకదాంట్లో పెద్ద ఫ్లెక్సీ, జ్యోతి ప్రజ్వలన, రిసోర్స్ పర్సన్ గారి పరిచయమే చాలాసేపు, ఆ తర్వాత బెలూన్ ఆట, అందరూ కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చుకోండి, అటెండెన్స్ షీట్, సర్టిఫికెట్, సమోసా. ముందు వరసలో కూర్చున్న ఫ్యాకల్టీ ప్రారంభోత్సవం అవగానే లేచి వెళ్ళిపోయారు. స్కాలర్‌షిప్ ఎప్పుడు పడుతుందని ఒక అబ్బాయి అడిగితే, పాజిటివ్‌గా ఆలోచించమన్నారు.

ఇది నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది కానీ విషయం చిన్నది కాదు. 2018లో నేచర్ బయోటెక్నాలజీ అనే జర్నల్లో ఒక సర్వే వచ్చింది, 26 దేశాల్లో 2,279 మంది, ఎక్కువమంది పీహెచ్‌డీ వాళ్ళు, కొంతమంది మాస్టర్స్. 41 శాతం మందిలో ఆందోళన, 39 శాతం మందిలో డిప్రెషన్, మధ్యస్థం నుంచి తీవ్ర స్థాయిలో. ఆ ఇబ్బందిలో ఉన్నవాళ్ళలో దాదాపు సగం మంది, మా గైడ్ నుంచి నిజమైన మార్గదర్శకత్వం దొరుకుతోంది అన్న మాటకి ఒప్పుకోలేదు. ఆన్‌లైన్‌లో ఇష్టమైనవాళ్ళు నింపిన సర్వే కాబట్టి బాధలో ఉన్నవాళ్ళే ఎక్కువ నింపి ఉండొచ్చు, నిజమే. కానీ గైడ్ దగ్గరికొచ్చేసరికి కథ ఎక్కడైనా ఒకటే అనిపిస్తుంది.

మన దేశంలో 2025 జూలైలో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది, విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌లో ఉండగా చనిపోయిన 17 ఏళ్ళ అమ్మాయి కేసు అది. కూతురి మరణం మీద సీబీఐ దర్యాప్తు కావాలని ఆ తండ్రి కోర్టుల చుట్టూ తిరిగితే, దర్యాప్తు సీబీఐకి ఇస్తూనే కోర్టు దేశంలో ఉన్న స్కూళ్ళు, కాలేజీలు, యూనివర్సిటీలు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు అన్నిటికీ విద్యార్థుల మానసిక ఆరోగ్యం మీద గైడ్‌లైన్స్ పెట్టింది. 100 మంది లేదా అంతకంటే ఎక్కువ విద్యార్థులుంటే కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలి, ఇది పేపర్లలో బాగా వచ్చింది. అంతగా రానిది ఇంకోటి ఉంది, టీచింగ్, నాన్ టీచింగ్ స్టాఫ్ అందరికీ ఏడాదికి కనీసం రెండుసార్లు దీని మీద ట్రైనింగ్ తప్పనిసరి. నాకు ఇదే ముఖ్యంగా అనిపించింది. ఫీజు కట్టించుకునే కౌంటర్లో కూర్చున్నాయన, వార్డెన్, హెచ్‌ఓడీ, గైడ్, వీళ్ళు కూడా నేర్చుకోవాలని ఎవరో ఒకరు రాతపూర్వకంగా అన్నారు. అమలు ఎంతవరకు అంటే, మీ క్యాంపస్‌లో కౌన్సెలింగ్ సెల్ బోర్డు ఉన్న గది తాళం తీసి ఉందో లేదో రేపు ఒకసారి చూసి కామెంట్లో చెప్పండి.

తాళం వేసి ఉంటే, ఎవరికైనా నిజంగా బాగోలేకపోతే, 14416 అని టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబర్ ఉంది, 2022 అక్టోబర్‌లో కేంద్రం మొదలుపెట్టింది, డబ్బులు అక్కర్లేదు, రాత్రి రెండింటికైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు. పక్కన పడుకున్న రూమ్మేట్ రాత్రుళ్ళు నిద్రపోవట్లేదు, మాట్లాడట్లేదు అనిపిస్తే మీరే చేసి ఫోన్ చేతికివ్వండి, ఆ పిల్ల తనంతట తను చేస్తుందని ఎదురుచూడకండి.

అన్నీ తిట్లే రాశానని అనుకుంటారేమో, ఒక మంచి గైడ్ గురించి కూడా చెప్పాలి. నా గైడ్ కాదు, పక్క డిపార్ట్‌మెంట్ మేడమ్. ఈవిడ సాఫ్ట్ మనిషేం కాదు, చాప్టర్ తిరిగొస్తే పేజీ నిండా ఎర్ర గీతలే, స్కాలర్లు ఆవిడ దగ్గర కూడా ఏడ్చారు. కానీ గురువారం మధ్యాహ్నం మూడు నుంచి అయిదు దాకా ఆవిడ టైం స్కాలర్లది, వైస్ ఛాన్సలర్ పిలిచినా వెళ్ళేది కాదని చెప్పుకునేవాళ్ళు, రాలేకపోతే ముందురోజే గ్రూపులో మెసేజ్ పెట్టేది. తిట్టే ముందు పెన్నూ పేపరూ తీయమనేది, "నేను అరుస్తాను, అరుపు వదిలెయ్, పాయింట్లు రాసుకో, వెళ్ళేముందు నాకు చదివి వినిపించు" అనేది. చదివి వినిపిస్తుంటే మధ్యలో తనే "ఇది నేను కోపంలో అన్నాను, కొట్టెయ్" అని ఒకటి రెండు కొట్టేయించేది. ఆవిడ దగ్గర ఎవరూ బెంచీ మీద కూర్చుని ఎదురుచూసింది లేదు, ఎవరి థీసిస్సూ ఏళ్ళ తరబడి టేబుల్ మీద పడి ఉండలేదు. ఈ మధ్య నా స్టూడెంట్ ఒకమ్మాయి పీహెచ్‌డీ ఎవరి దగ్గర చేయను మేడమ్ అని అడిగితే ఆవిడ పేరే చెప్పా. యూనివర్సిటీలకి రూల్స్ పెట్టే యూజీసీ 2022 రూల్స్ ప్రకారం ప్రొఫెసర్ దగ్గర ఒక టైంలో ఎనిమిది మంది స్కాలర్లకి మించి ఉండకూడదు. వెళ్ళి కనుక్కుంటే ఎనిమిదీ నిండిపోయాయంట, పక్క రూముల్లో మాత్రం ఖాళీలు ఉన్నాయంట.